ఏ మాటతో తీసుకున్నారో చూడండి

సరిహద్దు జిల్లాలలో తెలుగువారి చేతికి అందే ప్రభుత్వ కాగితాలలో కొత్తగా ఇచ్చేవి తక్కువ, ఉన్నవాటిని తిరిగి తీసుకునేవి ఎక్కువ. ఒకచోట తెలుగు విభాగం, మరొకచోట ఉపాధ్యాయ పదవి, ఇంకొకచోట పరీక్షలో మినహాయింపు, వేరొకచోట పాఠశాల గుర్తింపు. ఏదో ఒకటి వెనక్కి పోతూనే ఉంటుంది. ఆ కాగితం ఆంగ్లంలో ఉంటుంది. కాకుంటే కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. దానిని చదివినవారు ఊరికి వచ్చి చెప్పే మాట మాత్రం ఒక్కటే: “రద్దు చేశారట.” మన సంఘాల తీర్మానాలలోనూ అదే మాట, పత్రికలకు పంపే ప్రకటనలలోనూ అదే మాట.

ఆంగ్లంలో ఈ పనికి ఒక్క మాట కాదు, పది మాటలున్నాయి. విత్‌డ్రా, రిపీల్, రిసిండ్, రివోక్, క్యాన్సిల్, సూపర్‌సీడ్, సస్పెండ్, సరెండర్, వేవ్, ల్యాప్స్. నిఘంటువు తెరిస్తే ఇవన్నీ దాదాపు పర్యాయపదాలుగానే కనబడతాయి. న్యాయస్థానంలో ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క అధికారం, ఒక్కొక్క పద్ధతి ఉన్నాయి. ఏ మాటతో తీసుకున్నారో తెలియనివారికి ఏ దారిన తిరిగి తెచ్చుకోవాలో తెలియదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

రెండు నోట్లు, మూడు చట్టాలు

అందరికీ అనుభవంలో ఉన్న ఉదాహరణ తీసుకుందాం. 2016 నవంబరు 8 రాత్రి కేంద్ర ప్రభుత్వం 500, 1000 రూపాయల నోట్ల చట్టబద్ధమైన చెలామణిని తొలగించింది. తెల్లవారేసరికి అవి సాధారణ కొనుగోళ్లకు పనికిరాని కాగితాలయ్యాయి. 2023 మే 19న రిజర్వు బ్యాంకు 2000 రూపాయల నోటును చెలామణి నుంచి ఉపసంహరించింది. ఆ నోటు చట్టబద్ధమైన ద్రవ్యంగా కొనసాగుతుందని ఆ ప్రకటనలోనే చెప్పింది. రెండింటినీ మనం “నోట్ల రద్దు” అనే పిలుచుకున్నాం. మొదటిది నోటు విలువను తీసివేసింది. రెండవది నోటును మాత్రమే వెనక్కి పిలిచింది. ఈ తేడా తెలిసినవాడు రెండవసారి కంగారుపడి తక్కువ ధరకు నోటు అమ్ముకోలేదు.

2020 నాటి మూడు వ్యవసాయ చట్టాల కథలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు వాటి అమలును నిలుపుచేసింది. ఆ ఏడాది నవంబరు 19న ప్రధానమంత్రి వాటిని వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించారు. అయినా రైతులు శిబిరాలు ఎత్తివేయలేదు. నవంబరు 29న పార్లమెంటు ఉభయసభలూ రిపీల్ బిల్లును ఆమోదించాయి. రాష్ట్రపతి ఆమోదముద్రతో అది చట్టమయ్యాకనే ఆ మూడు చట్టాలకు నిజంగా కాలం చెల్లింది. నిలుపుదల వేరు, ప్రకటన వేరు, రిపీల్ వేరు. ఆ తేడా ఎరిగినవారు కనుకనే రైతులు నోటిమాటకు లేచిపోలేదు. మంత్రిగారి హామీ మరునాటి పత్రికలో రాగానే పందిరి విప్పేసుకునే అలవాటున్న మన సంఘాలు నేర్చుకోవలసిన పాఠమిది.

ఇచ్చిన చేయే తీసుకోవాలి

చట్టాన్ని తీసివేయడం రిపీల్. అది శాసనసభ పని. జిల్లా విద్యాధికారి కానీ, కార్యదర్శి కానీ సర్క్యులర్‌తో ఏ చట్టాన్నీ తీసివేయలేరు. ప్రకటననూ ఉత్తర్వునూ తీసివేయడం రిసిండ్. అనుమతినీ లైసెన్సునూ తిరిగి తీసుకోవడం రివోక్.

ఈ అధికారానికి హద్దు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. ఉత్తర్వు జారీచేసే అధికారం ఉన్నవారికి దానిని మార్చే అధికారమూ, తీసివేసే అధికారమూ ఉంటాయని ఆ సెక్షన్ చెబుతుంది. అక్కడితో ఆగదు. ఏ పద్ధతిలో, ఏ షరతులకు లోబడి జారీచేశారో, ఆ పద్ధతిలోనే, ఆ షరతులకు లోబడే తీసివేయాలంటుంది. రాష్ట్ర చట్టాల కింద వచ్చిన ఉత్తర్వులకు ఆయా రాష్ట్రాలకు ఇటువంటి చట్టాలే ఉన్నాయి. తమిళనాడుది 1891 నాటిది, కర్ణాటకది 1899 నాటిది, మహారాష్ట్రది 1904 నాటిది, ఒడిశాది 1937 నాటిది.

సామాన్యుని భాషలో దీని అర్థం: గెజిట్‌లో ప్రకటించి ఇచ్చినదానిని ఫోనులో తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినదానిని మండల స్థాయి అధికారి తీసుకోకూడదు. యానాం విషయమే చూడండి. పుదుచ్చేరిలో తమిళం అధికార భాష అయినా, యానాంలో తెలుగు వాడుకకు చోటిచ్చింది 1965 నాటి అధికార భాషా చట్టం. అక్కడ ఏదో ఒక కార్యాలయం తెలుగు దరఖాస్తును తీసుకోకపోతే అది ఆ గుమాస్తా నిర్లక్ష్యమే తప్ప, తెలుగు స్థానం “రద్దు” కావడం కాదు. రద్దు అయిందని మనమే ప్రచారం చేస్తే, లేని అధికారాన్ని ఆ గుమాస్తాకు మనమే కట్టబెట్టినవారమవుతాం.

కనుక కాగితం రాగానే అడగవలసిన మొదటి ప్రశ్న “ఎందుకు తీసుకున్నారు?” అన్నది కాదు. “దీనిని ఇచ్చింది ఎవరు? తీసుకుంటున్నది ఎవరు?” అన్నది. ఆ ఇద్దరూ వేరువేరయితే సగం వాదం అక్కడే సిద్ధమవుతుంది.

పేరు చెప్పకుండా తీసుకునేవి

బహిరంగంగా తీసుకునే ఉత్తర్వులతో పోరాడడం సులువు. చడీచప్పుడు లేకుండా తీసుకునేవి మూడు రకాలున్నాయి. మనం ఎక్కువగా నష్టపోయేది వీటి దగ్గరే.

మొదటిది సూపర్‌సెషన్. “గత ఉత్తర్వులన్నింటినీ అతిక్రమిస్తూ” అనే అర్థం వచ్చే ఒక్క పంక్తి కొత్త ఉత్తర్వు మొదట్లోనో, చివరనో ఉంటుంది. ఆ “గత ఉత్తర్వులన్నింటి”లో తెలుగు పిల్లలకు ఇచ్చిన వెసులుబాటూ ఉండవచ్చు. దాని పేరు ఎక్కడా రాదు. అందుకే కొత్త ఉత్తర్వును దాని శీర్షిక చూసి వదిలిపెట్టకూడదు. “రెఫరెన్సు” అనే చోట పేర్కొన్న పాత ఉత్తర్వుల సంఖ్యలు రాసుకుని, వాటి నకళ్లు తెప్పించుకుని చదవాలి.

రెండవది అబేయన్స్. మన పల్లెభాషలో దీనికి చక్కని మాట ఉంది: అటకెక్కించడం. ఉత్తర్వు బతికే ఉంటుంది, అమలు ఉండదు. “తదుపరి ఆదేశాలు వచ్చేవరకు” అని రాస్తారు. ఆ తదుపరి ఆదేశాలు రావు. రద్దు కాలేదు కదా అని మనం కోర్టుకు పోము. నాలుగేళ్ల తరువాత పోతే, ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడుగుతుంది. రిట్ పిటిషన్లలో అకారణమైన జాప్యమే కేసును కొట్టివేయడానికి కారణం కాగలదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అబేయన్స్ అన్న మాట కనబడగానే, ఎంతకాలమో చెప్పమని లిఖితపూర్వకంగా అడగాలి. ఆ అడిగిన కాగితమే రేపు మన ఆలస్యానికి సమాధానం అవుతుంది.

మూడవది ల్యాప్స్. ఇందులో తీసుకునేవారే ఉండరు; గడువు తీరుతుంది, అంతే. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుంచి ఏటికొక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చింది. అది పదవ తరగతికి చేరేసరికి హోసూరు, కృష్ణగిరి వంటి ప్రాంతాల తెలుగు పిల్లలు, కన్నడ, ఉర్దూ, మలయాళ పిల్లలతో పాటు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది. వారికి దొరికింది మినహాయింపు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఆ ఏటి పరీక్షకు సంబంధించినదే. మినహాయింపు హక్కు కాదు. హక్కును తీసివేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, కారణం చెప్పాలి. మినహాయింపు దానంతట అదే ఆరిపోతుంది. దానితో తృప్తిపడి ఇంటికి పోయినవారు మరుసటి ఏడు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడతారు.

బెదిరింపుగా వాడే మాట

మన సంఘాలు నడుపుకునే పాఠశాలల విషయంలో తరచుగా వినబడే మాట “గుర్తింపు ఉపసంహరణ”. ఉపసంహరించడం కంటే, ఉపసంహరిస్తామని చెప్పడానికే దీనిని ఎక్కువగా వాడతారు. ఆ బెదిరింపుకు తలవంచి తెలుగు పీరియడ్లు తగ్గించుకున్న యాజమాన్యాలు ఉన్నాయి.

ఈ ప్రశ్న చాలాకాలం క్రిందటే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ప్రాథమికోపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో నూటికి 80 సీట్లు తాను పంపినవారికే ఇవ్వాలని, లేకుంటే గ్రాంటు ఆపి గుర్తింపు తీసివేస్తామని అప్పటి బొంబాయి ప్రభుత్వం ఒక మైనారిటీ యాజమాన్యానికి హెచ్చరిక పంపింది. సిద్ధాజ్‌భాయి కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1962లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదన్నది. విద్యాప్రమాణాల కోసం నియమాలు పెట్టవచ్చు. మైనారిటీ సంస్థ తన స్వభావాన్ని వదులుకునేటట్లు చేసే షరతును గుర్తింపు పేరుతో పెట్టకూడదన్నది దాని సారాంశం. 30వ అధికరణం మతపరమైన మైనారిటీలకే కాదు, భాషాపరమైన మైనారిటీలకూ వర్తిస్తుంది. మైనారిటీ అవునా కాదా అన్నది రాష్ట్రాన్ని ప్రాతిపదికగా తీసుకుని నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ తీర్పు చెప్పింది. దేశంలో తెలుగువారు కోట్లలో ఉండవచ్చు. కర్ణాటకలోనూ, తమిళనాడులోనూ, ఒడిశాలోనూ, మహారాష్ట్రలోనూ వారు మైనారిటీలే.

ఇంకొక తీర్పునూ ప్రతి సంఘ కార్యదర్శీ గుర్తుపెట్టుకోవాలి. ఒక ఉత్తర్వు మంచిచెడ్డలను ఆ ఉత్తర్వులో చెప్పిన కారణాలను బట్టే చూడాలి కానీ, కోర్టుకు వచ్చాక ప్రమాణపత్రంలో కొత్త కారణాలు అతికించకూడదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉత్తర్వులో ఉన్న ప్రతి మాటా మన ఆస్తి. అందుకే ఉత్తర్వు నకలు చేతిలో లేకుండా ధర్నాకు కూర్చోవద్దని నేను పదేపదే చెబుతాను.

కోర్టు తీసివేస్తే అంతటితో అయిపోయినట్లేనా?

ప్రభుత్వ ఉత్తర్వును న్యాయస్థానం తీసివేయడం క్వాష్. తెలుగులో కొట్టివేత. ఆ మాట వినగానే మనవారు మిఠాయి పంచుతారు. చరిత్ర చూస్తే ఆ మిఠాయి అరిగేలోగానే మరొక ఉత్తర్వు రావడం కనిపిస్తుంది.

ఉన్నత పాఠశాలల్లో కన్నడమే ఏకైక ప్రథమ భాషగా ఉండాలని కర్ణాటక ప్రభుత్వం 1982 జూలైలో ఉత్తర్వు ఇచ్చింది. భాషా మైనారిటీల రక్షణ సమితి వ్యాజ్యంలో 1989 జనవరి 25న కర్ణాటక హైకోర్టు పూర్తి ధర్మాసనం దానిని కొట్టివేసింది. ఆ ఏడాది జూన్‌లోనే ప్రభుత్వం సవరించిన కొత్త ఉత్తర్వు తెచ్చింది. ఆ రెండవదానిని 1993 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మన సొంత రాష్ట్రంలోనూ ఇదే తీరు. ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మాధ్యమాన్ని పక్కకు నెట్టిన 2019 నాటి ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేస్తే, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొట్టివేత ఆ కాగితాన్ని చంపుతుంది, దాని వెనుక ఉన్న విధానాన్ని చంపదు. గెలిచిన నాటి నుంచే రెండవ ఉత్తర్వు కోసం కాచుకుని ఉండాలి.

మన సంతకంతో జరిగే తీసివేత

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రభుత్వం చేసేవి. వీటన్నిటికీ ఏదో ఒక మందు ఉంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది చివరి రకం: మనచేత మనమే తీసుకున్నట్లు రాయించడం. ఆంగ్లంలో దీనికి వేవ్, సరెండర్, వాలంటరీ విత్‌డ్రాయల్ అని మర్యాదైన పేర్లున్నాయి.

బడి మారేటప్పుడు ఇచ్చే టీసీలో “బడి విడిచిన కారణం” అని ఒక గడి ఉంటుంది. తెలుగు పంతులు బదిలీపై పోయి రెండేళ్లయినా కొత్తవారు రాలేదు. తండ్రి విసిగి పిల్లవాడిని తీసి వేరే బడిలో వేస్తాడు. గడిలో “తల్లిదండ్రుల కోరికపై” అని రాస్తారు. ఆయన సంతకం పెడతాడు. అటువంటి టీసీలు పది పోగయ్యాక ఏమవుతుంది? ఒక తరగతిలో 10 మంది కానీ, పాఠశాల మొత్తం మీద 40 మంది కానీ ఉంటే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలన్నది 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం చేసిన తీర్మానం. 1956 నాటి భాషా మైనారిటీల రక్షణల పత్రం దానిని స్వీకరించింది. ఆ సంఖ్య ఇప్పుడు ఉండదు. పిల్లలు లేరు కనుక పదవి “సరెండర్” అవుతుంది. పంతులు లేక పిల్లలు పోయారు. పిల్లలు లేరని పంతులు పదవి పోయింది. కాగితం మీద మాత్రం ఎవరూ ఏమీ తీసుకోలేదు. మీరే వదిలి వెళ్లారు.

మాధ్యమాన్ని ఎన్నుకునే పత్రమూ అంతే. ప్రాథమిక దశలో మాధ్యమం ఏదన్నది పిల్లల తరఫున తల్లిదండ్రుల ఎంపిక అని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులోనే తేల్చింది. ఎంపిక మనదయినప్పుడు, ఆ పత్రం మీద మన సంతకానికి మునుపటికన్నా బరువు పెరిగింది. ఖాళీ పత్రం మీద సంతకం పెట్టి “మీరే నింపుకోండి సార్” అనే మర్యాద ఇకనైనా మానుకోవాలి.

కోర్టులో వేసిన పిటిషన్‌ను వెనక్కి తీసుకోవడం మరొక ప్రమాదం. “ముందు కేసు విత్‌డ్రా చేసుకోండి, తరువాత కూర్చుని మాట్లాడుకుందాం” అని అధికారులు అంటారు. మనవారు సంతోషంగా ఒప్పుకుంటారు. మళ్లీ వేసుకునే అనుమతి అడగకుండా రిట్ పిటిషన్‌ను వెనక్కి తీసుకుంటే, అదే విషయంపై హైకోర్టులో మరొక రిట్ వేయడానికి వీలుండదని సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ కేసులో 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. దావా వంటి ఇతర మార్గాలు మూసుకుపోవు. కానీ దగ్గరి దారి గోడకు కొట్టిన సున్నమే. వెనక్కి తీసుకోక తప్పనినాడు, “మళ్లీ దాఖలు చేసే స్వేచ్ఛతో” అన్న మాట ఆ ఉత్తర్వులో రాయించుకోవాలి. ఒక్క మాటే, కేసుకు ప్రాణం.

సంతకం పెట్టేశాం, ఇక చేసేదేమీ లేదా అని అడిగేవారికి ఒక ధైర్యం చెప్పగలను. బొంబాయి కాలిబాటల మీద నివసించే పేదలు, గుడిసెల తొలగింపునకు అడ్డుపడబోమని హైకోర్టులో హామీ ఇచ్చి కూడా సుప్రీంకోర్టుకు వచ్చారు. ఓల్గా టెలిస్ కేసులో 1985లో రాజ్యాంగ ధర్మాసనం వారి మొర ఆలకించింది. రాజ్యాంగానికి ఎదురుగా ఎవరి ఒప్పుకోలూ నిలవదని, ప్రాథమిక హక్కులను పౌరుడు తానుగా వదులుకున్నా వదులుకున్నట్లు కాదని చెప్పింది. 29, 30 అధికరణాలు ప్రాథమిక హక్కుల భాగంలో ఉన్నాయి. అయితే ఒక నిజాన్ని దాచకూడదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలనే 350-ఎ అధికరణం ఆ భాగంలో లేదు. దాని కోసం చేసే వాదం కష్టతరమైనది. అందుకే సంతకం పెట్టి బాధపడడం కన్నా, పెట్టకముందు చదవడం మేలు.

చేయవలసిన పనులు

ఇదంతా మాటల మీద పేచీ కాదా, వీధిలోకి వచ్చి పోరాడకుండా వ్యాకరణం చెబుతారా అని కొందరు మిత్రులు అంటారు. వీధి పోరాటం వద్దని నేను అనను. ఏ తలుపు ముందు నిలబడాలో తెలిసినప్పుడే నినాదానికి విలువ. శాసనసభ తీసుకున్నదాని కోసం తహసీల్దారు కార్యాలయం ముందు కూర్చుంటే గొంతు పోతుంది, పని కాదు.

ప్రతి ఊరి సంఘమూ ఒక దస్త్రం పెట్టుకోవాలి. మన ఊరి తెలుగు బడికి, తెలుగు విభాగానికి, తెలుగు పదవికి ఆధారమైన ఉత్తర్వులన్నీ అందులో ఉండాలి. లేనివాటిని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవాలి. ఆ దరఖాస్తు ఆంగ్లంలో కానీ, హిందీలో కానీ, ఆ ప్రాంత అధికార భాషలో కానీ ఉండాలని చట్టం చెబుతుంది. తెలుగులో రాసి తిరస్కరణకు గురికావద్దు. ప్రభావితులైనవారికి పాలనా నిర్ణయాల కారణాలు తెలపాలని ఆ చట్టం 4వ సెక్షనే చెబుతుంది. ఫిర్యాదు మాత్రం తెలుగులోనే రాయవచ్చు. కేంద్రంలో కానీ, రాష్ట్రంలో కానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మొర పెట్టుకునే హక్కు 350వ అధికరణం ఇచ్చింది.

టీసీ తీసుకునేటప్పుడు కారణం గడిలో నిజం రాయమనండి: “తెలుగు ఉపాధ్యాయుడు లేనందువల్ల.” రాయకపోతే అదే మాటతో ప్రధానోపాధ్యాయునికి ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. కొత్త విద్యాసంవత్సరానికి ముందే తెలుగు పిల్లల పేర్లు నమోదు చేయించండి. ముందస్తు నమోదు కూడా ఒప్పుకున్న రక్షణలలో ఒకటి. ఇక, ఉత్తర్వు వచ్చిన రోజునే దానిలోని క్రియాపదం కింద గీత గీయండి. కన్నడంలో “హింపడె” అని ఉన్నా, మరాఠీలో “మాగే ఘేణే” అని ఉన్నా, తమిళంలో “తిరుంబప్ పెఱుదల్” అని ఉన్నా అది ఉపసంహరణే. “రద్దు” అనే మాట ఈ మూడు భాషలలోనూ కొద్దిపాటి తేడాతో ఉంది. అది కనబడితే దాని బలం వేరు. ఆ మాట ఏదో చూసి, ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఒకరేనా, కారణం రాశారా, గడువు ఉందా, మన సంతకం ఎక్కడైనా ఉందా అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

తీసుకునేవారికి పది మాటలున్నాయి. ఇవ్వనని చెప్పడానికి మన దగ్గర ఒక్క మాటే ఉంది. ఏ కాగితం ముందు ఆ మాట చెప్పాలో తెలుసుకుని చెప్పండి.